ముహూర్తానికి తీసిన తలుపు

నేను ఒక కారు తలుపును. ఈ మాట అనగానే కారేదని అడుగుతారు. కారుంది, బాగానే తిరుగుతోంది. అందులో నేను లేను. కాకినాడ జగన్నాథపురంలో ఒక వెల్డింగు షెడ్డు వెనక, రేకుల గోడకు ఆనుకుని ఉన్నాను. ఎండ ముదిరితే రెండు కోళ్ళు నా నీడకు చేరతాయి. నేను తలుపునా, తడికనా అన్న పట్టింపు వాటికి లేదు. ఆ పట్టింపు మనుషులకే ఉంది. వాళ్ళ పట్టింపుల మధ్య నలిగి నలిగి నాకు ఓపిక అయిపోయింది. ఇప్పుడు చెబుతున్నది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఊరికే ఉన్నాను కదా, చెప్పుకుంటే పొద్దు పోతుందని.

నన్ను ఇనుముతో చేయలేదు, ఫైబర్‌తో చేశారు. గాజును సన్నటి దారాలుగా తీసి చాపలా పరిచిన గుడ్డ ఒకటి దొరుకుతుంది. దాన్ని అచ్చులో వేసి, జిగురులాంటి రెజిన్ పోసి, బ్రష్షుతో అదుముతారు. దాని మీద ఇంకో పొర, ఆ పైన మరో పొర. రెజిన్‌లో కలిపిన మందు పనిచేసి అదంతా ఒకే ముక్కగా గట్టిపడుతుంది. పూర్తిగా గట్టిపడేదాకా అచ్చులోనే ఉంచాలి. ముందే తీస్తే పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపల పచ్చిగా ఉంటుంది. పచ్చిగా ఉన్నది ఎటు ఒరిగితే అటే ఆరిపోతుంది, మళ్ళీ మాట వినదు. నా కథకు ఇంతే మూలం, మిగతాదంతా మనుషుల సంగతి.

షెడ్డు బ్రహ్మాజీది. యాభై దాటినవాడు. లారీల తొట్లు, ఆటోల టాపులు, ఐస్ ఫ్యాక్టరీ గేట్లు, ఇనుముతో అయ్యేది ఏదైనా చేస్తాడు. అంగుళంలో ఎనిమిదో వంతును ఆ పనివాళ్ళు నూలు అంటారు. అందులో సగం తేడా వచ్చినా బ్రహ్మాజీ టేపు తీయకుండానే పట్టేస్తాడు. అతని చెల్లెలు కామాక్షి. నాలుగో ఏట పోలియో వచ్చి ఆమెకు రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఇప్పుడు నలభై రెండేళ్ళు, శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం. చక్రాల కుర్చీలో ఎంత దూరమైనా తనంతట తాను వెళుతుంది. చిక్కల్లా బండి ఎక్కవలసి వచ్చినప్పుడే. పొద్దున్న అన్న ఎత్తి ఆటోలో కూర్చోబెడతాడు. గ్రంథాలయం దగ్గర ఆటో డ్రైవరు ఎత్తి దింపుతాడు. సాయంత్రం వాచ్‌మన్ ఎత్తుతాడు, ఇంటి దగ్గర మళ్ళీ అన్న. ఇరవై ఏళ్ళుగా రోజూ ఇదే వరస.

"ఎత్తేవాళ్ళంతా మంచోళ్ళే అన్నయ్యా. కానీ ఎత్తేటప్పుడు ఒక్కరూ నా మొహం చూడరు. పక్కకి చూస్తారు. బస్తా ఎత్తేటప్పుడు దాని మొహం చూస్తామా ఏంటి?" అని ఒకరోజు ఆమె నవ్వుతూనే అందట. బ్రహ్మాజీకి ఆ నవ్వు పట్టుకుంది.

అంతకుముందు పక్క చక్రాల స్కూటరు ఒకటి కొన్నారు. కొన్నది ఆషాఢంలో, మంగళవారం నాడు. మూడో వారంలో వానకి తూము దగ్గర బోల్తా పడి ఆమె భుజం ఎముక విరిగింది. తూము దగ్గర గొయ్యి ఉందని ఊరంతటికీ తెలుసు. బ్రహ్మాజీ మాత్రం గొయ్యిని ఏమీ అనలేదు. ముహూర్తం చూడకుండా కొన్నానని తనను తానే తిట్టుకుని స్కూటరు అమ్మేశాడు. కామాక్షి మళ్ళీ నడుపుతానంది, అతను వినిపించుకోలేదు. మనుషులు రోడ్డు మీద గొయ్యి కంటే పంచాంగంలో గొయ్యికే ఎక్కువ భయపడతారని నాకు తర్వాత బాగా తెలిసింది.

అందుకని కారు చేస్తానన్నాడు. మూలపడ్డ ఆటో ఇంజను తెచ్చాడు. చదరపు గొట్టాలతో చట్రం కట్టాడు. గేరు, బ్రేకు, యాక్సిలరేటరు అన్నీ చేతికే అందేలా అమర్చాడు. ఇద్దరు కూర్చునే చిన్న కారు, కుడి పక్క ఒకే ఒక్క తలుపు. కామాక్షి అడిగింది ఒకటే. "నన్ను ఎవరూ ఎత్తకూడదు. నేనే ఎక్కాలి, నేనే దిగాలి, కుర్చీ కూడా నేనే లోపల పెట్టుకోవాలి. చూడ్డానికి ఎలా ఉన్నా పర్లేదు." దానికోసం గుమ్మం ముప్పై ఆరు అంగుళాలు ఉండాలని, కింద గడప ఎత్తు లేకుండా నేల సమానంగా ఉండాలని కుర్చీలో కూర్చునే కొలిచి చెప్పింది. బ్రహ్మాజీ గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు.

చట్రం ఇనుము కాబట్టి అతనికి తెలుసు. పై తొడుగు మాత్రం తేలిగ్గా ఉండాలని ఫైబర్ అనుకున్నాడు. దానికి ఉప్పాడ దగ్గర పడవలు చేసే మసేను మేస్త్రిని పిలిచాడు. మసేను చేసిన పడవలు ఆ తీరమంతా ఉన్నాయి. మనిషి నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ చేతులు గోక్కుంటూ ఉంటాడు. గాజు పీచు ఒంట్లో దిగిన దురద అది, ముప్పై ఏళ్ళ నాటిది. కారు తొడుగు ఎప్పుడూ చేయలేదు కానీ, "పడవకి చక్రాలు పెట్టుకున్నట్టే గదండీ" అని ఒప్పుకున్నాడు.

ముందు టాపు, తర్వాత వెనక భాగం, తర్వాత ముందు మూత. నా తోబుట్టువులందరూ వైశాఖంలో పుట్టారు. అచ్చులోంచి తీసేటప్పుడు మసేను కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కోసి, వేళ చూసి తీసేవాడు. వాళ్ళలో పడవలకు అదే పద్ధతి. "అచ్చులోంచి తియ్యడం అంటే కానుపేనండి బెమ్మాజీ గారూ. ఏల తప్పకూడదు. ఏల తప్పిన పడవని సముద్రం ఒప్పుకోదు," అనేవాడు. వైశాఖంలో ముహూర్తాలు కావలసినన్ని ఉన్నాయి, ఎండలూ ఉన్నాయి. ఒక వేళ కాకపోతే నాలుగు రోజులకు ఇంకో వేళ. కాబట్టి వాళ్ళందరూ నిదానంగా ఆరి, తిన్నగా బయటికొచ్చి, చట్రానికి చక్కగా అతుక్కున్నారు.

నన్ను ఆఖరికి ఉంచారు. గుమ్మం ముఖ్యం కదా, తలుపు మీద శ్రద్ధ ఎక్కువ పెట్టాలని. మనుషులు శ్రద్ధ పెట్టాలనుకున్న పనే ఆలస్యమవుతుంది. జ్యేష్ఠమాసం చివర ఒక శుక్రవారం మధ్యాహ్నం నన్ను వేశారు. మబ్బు పట్టి ఉంది, గాలిలో చెమ్మ, ఆరడానికి మూడు రోజులైనా పట్టేలా ఉంది. మసేను పొర మీద పొర వేస్తూ ఆకాశం వైపు చూస్తున్నాడు. మర్నాడు పొద్దున్న ఏడూ నలభైకి ముహూర్తం. అది దాటితే ఆషాఢం వస్తుంది, ఇక శ్రావణం దాకా ఆగాలి.

శనివారం పొద్దున్న బ్రహ్మాజీ వచ్చి నా అంచు మీద బొటనవేలు నొక్కాడు. గోరు దిగింది. చిన్న గీత, చంద్రవంకంత. అతను దాన్ని చూశాడు, దాని మీద చెయ్యి పెట్టి కప్పేశాడు. మసేను అటు తిరిగి కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు.

"ఆరిందాండీ?"

"ఆరినట్టే ఉంది మేస్త్రీ. తీసేద్దాం. టైమవుతోంది."

చెక్క మేకులు దూర్చి, కొయ్య సుత్తితో తట్టి లాగారు. నేను రాలేదు. పచ్చిగా ఉన్నది అచ్చును అంత తేలిగ్గా వదలదు. ఇంకా గట్టిగా కొట్టారు. ఏడూ నలభై దాటకముందే నేను బయటికొచ్చాను, నాతోపాటు అచ్చు కూడా రెండు ముక్కలైంది. మసేను నిమ్మకాయ కోశాడు. ఇద్దరూ నన్ను గోడకు నిలబెట్టి దండం పెట్టుకున్నారు. నిలబెట్టిన చోటే, వాళ్ళు టీకి వెళ్ళి వచ్చేలోపు, నా కింది ముందు మూల మెల్లగా బయటికి తిరిగింది. అలాగే ఆరిపోయాను.

ఆ తర్వాత నాలుగు నెలలు నన్ను బిగించారు.

బిగించడమంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. ఇద్దరు మనుషులు నన్ను ఎత్తి గుమ్మానికి ఆనిస్తారు. మడత బందుల్లో బోల్టులు పెడతారు. మెల్లగా మూస్తారు. మూడు మూలలు కూర్చుంటాయి, నాలుగోది రెండు వేళ్ళ సందు వదులుతుంది. సుద్దముక్కతో గీత గీస్తారు, దింపుతారు, అరగదీస్తారు, పుట్టీ రాస్తారు, మళ్ళీ ఎత్తుతారు. మొదట్లో ఎన్నిసార్లో గుర్తు పెట్టుకున్నాను. నలభై దాటాక ఆసక్తి పోయింది.

బందుల కింద వాషర్లు పెట్టారు. కింది మూల లోపలికి వచ్చి పై మూల బయటికి పోయింది. వేడి నీళ్ళ గోనెపట్టాలు కప్పి, ఇసుక బస్తా బరువు పెట్టి మూడు రోజులు పడుకోబెట్టారు. బస్తా ఉన్నంతసేపూ మర్యాదగా ఉన్నాను. తీయగానే మళ్ళీ నా దారి నాదే. లోపలి వైపు ఇనుప పట్టీ వేసి బిగించారు, పట్టీ వంగింది. దారిన పోయేవాళ్ళంతా ఆగి తలో సలహా ఇచ్చారు. ఎండలో పెట్టమన్నాడొకడు, నీడలో పెట్టమన్నాడొకడు. మనుషులకు తమది కాని తలుపు మీద ఎన్ని ఆలోచనలు వస్తాయో చెప్పలేను.

కొత్తది చేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మసేను ఆ మాట అన్నాడు కూడా. సిగ్గుతో ప్రతి ఆదివారం ఉప్పాడ నుంచి వచ్చి కూర్చునేవాడు. "అచ్చు మల్లీ కడదారండీ. నా పనే గదా చెడింది, నేనే సేత్తాను," అన్నాడు. బ్రహ్మాజీ ఒప్పుకోలేదు. అచ్చు కట్టాలంటే మళ్ళీ రెండు నెలలు. పైగా మంచి వేళకు తీసినదాన్ని పారేస్తే ఏం జరుగుతుందోనని లోలోపల భయం. మూడు రోజులు ఆగలేనివాడు నాలుగు నెలలు ఆగాడు. నూలులో సగం పట్టే కళ్ళున్నవాడు రెండు వేళ్ళ సందు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఏదో ఒకరోజు ఇది వింటుందన్నట్టు నావైపు చూసేవాడు. అతన్ని చూసి నాకు జాలేసేది. నేను మాత్రం ఏం చేయగలను?

కార్తీకంలో అతనికో ఉపాయం తట్టింది. తలుపు మారనంటోంది కాబట్టి గుమ్మాన్నే మార్చాడు. నా వంకరకు సరిపోయేలా లోపల చదరపు గొట్టంతో ఇంకో చట్రం కట్టి వెల్డింగు చేశాడు. నాలుగు పక్కలా రబ్బరు అంటించాడు. నన్ను ఎక్కించి మూశాడు. ఠక్కుమంది.

మళ్ళీ తెరిచి మళ్ళీ మూశాడు. మసేను లేచి వచ్చి తనూ ఒకసారి మూశాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వారు. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే. ఒక తలుపుకు అంతకంటే ఏం కావాలి? పడుకోబెట్టిందీ, అరగదీసిందీ అన్నీ మరిచిపోయాను. ఇక ఎవరూ నన్ను దింపరనుకున్నాను.

మర్నాడు ఆదివారం. కామాక్షి కుర్చీ తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. టాపు మీద చెయ్యి వేసి నిమిరింది, నన్ను కూడా నిమిరింది. "బాగుంది అన్నయ్యా," అంది. తలుపు తెరిచి కుర్చీని దగ్గరికి తెచ్చింది. కుర్చీ చక్రం కొత్త గొట్టానికి తగిలి ఆగిపోయింది. కొంచెం వాల్చి మళ్ళీ తెచ్చింది. సీటుకూ ఆమెకూ మధ్య జానెడు దూరం మిగిలింది. చేతుల మీద బరువేసి శరీరాన్ని జరపబోయింది. కింద రెండున్నర అంగుళాల గొట్టం గడపలా అడ్డొచ్చి కాలు ఇరుక్కుంది. రెండోసారి ప్రయత్నించింది, మూడోసారి. చెమటలు పట్టాయి. బ్రహ్మాజీ టేపు తీసి గుమ్మం కొలవలేదు. కొలవకుండానే అతనికి తెలుసు, ముప్పై ఒకటి. గోడ మీద ఇంకా ముప్పై ఆరనే ఉంది.

అప్పుడతను మనసులో ఏ చెడూ లేకుండా ఒక మాటన్నాడు. "దానికేముందమ్మా? నేనున్నాను కదా. ఎత్తి కూర్చోబెడతాను." అని వంగి, అలవాటుగా ఒక చెయ్యి ఆమె వీపు కిందికి, ఇంకో చెయ్యి మోకాళ్ళ కిందికి పెట్టాడు.

కామాక్షి అతని మణికట్టు పట్టుకుంది.

"నువ్వు ఎత్తడానికైతే ఆటో చాలదా అన్నయ్యా?"

మసేను చేతులు గోక్కోవడం ఆపాడు. బ్రహ్మాజీ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఆ మాట నాకు తగిలినంత గట్టిగా సుత్తి కూడా తగల్లేదు. ఈ నాలుగు నెలలూ మేమందరం దేనికోసం కష్టపడ్డాం? తలుపు మూతపడటానికి. ఆమె అడిగింది మూతపడటం కాదు. ఆమె అడిగింది లోపలికి వెళ్ళడం.

"కోసెయ్యి ఇది," అంది గొట్టం మీద తట్టి.

"కోస్తే తలుపు పడదే! నాలుగు నెలల కష్టమమ్మా..."

"పడకపోతే తీసెయ్యి."

"తలుపు లేకుండా కారేంటే పిచ్చిమొహమా? నలుగురూ చూసి నవ్వరూ?"

"నలుగురూ రోజూ నువ్వు నన్నెత్తడం చూస్తున్నారు గదా, దానికి నవ్వట్లేదులే. కారు తలుపు కోసం కట్టావా, నా కోసం కట్టావా? అది చెప్పు ముందు."

బ్రహ్మాజీ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. తల వంచుకునే మాట్లాడాడు. "గోరు దిగింది కామాక్షీ. ఆరోజు పొద్దున్న నొక్కి చూశాను. పచ్చిగా ఉందని తెలుసు. అయినా తీయించాను. స్కూటరుకి జరిగింది మళ్ళీ జరగకూడదని... వేళ దాటిపోతే నీకేమన్నా అవుద్దేమోనని భయమేసింది."

మసేను అతనివైపు ఆశ్చర్యంగా చూశాడు. నాలుగు నెలలుగా తప్పంతా తనదేనని మోస్తున్న మనిషి. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు. "మా పడవలకి తలుపులున్నాయాండీ? సముద్రం మీదకి ఎల్లి రాటల్లేదా?" అన్నాడంతే.

కామాక్షి నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాచింది. "పదమూడో నంబరు స్పానరియ్యి అన్నయ్యా."

నా బోల్టులు ఆమే విప్పింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు బందులు సరిగ్గా చేతి ఎత్తులో ఉంటాయి. మూడు తేలిగ్గా వచ్చాయి, నాలుగోది మొరాయించింది. మసేను నూనె చుక్క వేశాడు కానీ స్పానరు మీద చెయ్యి వేయలేదు. ఆమె పళ్ళు బిగబట్టి తిప్పింది. అది వదలగానే మసేను నన్ను పట్టుకుని పక్కన నేల మీద ఆనించాడు. అంత జాగ్రత్తగా నన్ను ఎవరూ ఎప్పుడూ దింపలేదు.

గొట్టం కోసేటప్పుడు నిప్పురవ్వలు నా మీద పడ్డాయి. బ్రహ్మాజీ తను వెల్డింగు చేసిన ప్రతి అతుకునూ తనే కోశాడు, మొండి అంచులు చేతికి గీసుకోకుండా నున్నగా అరగదీశాడు. గుమ్మం మళ్ళీ ముప్పై ఆరైంది. సీటుకు బెల్టు ఉంది, గుమ్మానికి అడ్డంగా ఒక గొలుసు తగిలించాడు. కారును షెడ్డు ముందున్న సందులోకి తోశారు.

ఆమె కుర్చీని సీటు పక్కకు తెచ్చింది. ఈసారి అది ఆనుకుని నిలబడింది. ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి కుర్చీ మీద వేసి శరీరాన్ని ఎత్తింది. బ్రహ్మాజీ రెండు చేతులూ వాటంతటవే ముందుకు వచ్చాయి.

"చేతులు దించు అన్నయ్యా."

దించాడు. ఆమె సగం జరిగి ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ జరిగింది. సీటులో పడింది. ఒక కాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది, తర్వాత రెండోది. చున్నీ సర్దుకుంది. కుర్చీని మడిచి, వంగి, లాగి, రెండుసార్లు జారితే మూడోసారి సీటు వెనక్కి ఈడ్చుకుంది. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. అది చూస్తూ ఊరికే నిలబడటం బ్రహ్మాజీ జీవితంలో చేసిన అన్ని పనులకన్నా కష్టమైన పనిలా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఎత్తిన చేతులవి. వాటికి ఏ పనీ లేకపోయేసరికి ఒకసారి లుంగీకి తుడుచుకున్నాడు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు. చివరికి వంగి, నేల మీద ఉన్న నన్ను ఎత్తుకున్నాడు. చెల్లెల్ని ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి ఎత్తినట్టే ఎత్తుకున్నాడు.

"సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిప్పెయ్యమ్మా, ఈరోజుకి చాలు," అన్నాడు.

కామాక్షి అతని మొహంలోకి చూసి తలూపింది. ఇంజను అందుకుంది. కారు కుదుపుతో కదిలి, ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది. గుమ్మంలోంచి ఆమె చున్నీ చివర గాలికి బయటికి ఎగిరింది. నేనుంటే అది కనిపించేది కాదు. కారు సందు చివరికి చేరింది. అక్కడ ఆగలేదు, వెనక్కీ తిరగలేదు. ఉప్పుటేరు గట్టు రోడ్డు మీదికి కుడికి తిరిగి వెళ్ళిపోయింది.

చాలాసేపు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు.

"బెమ్మాజీ గారూ, బరువు గదండీ. తలుపుని కిందెట్టండి," అన్నాడు మసేను.

అతను పెట్టలేదు. నన్ను ఎత్తుకునే నిలబడి సందు చివరికి చూస్తున్నాడు. జారకుండా నన్ను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. నేను అంత బరువు లేను.